రేకు మాస్టారు

అరకులో రేకు మాస్టారి ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లినా పరవాలేదు. రెండు నిమిషాల్లో చేతుల్లోకి ఏదో ఒకటి వస్తుంది. "సమయానికి వచ్చారండీ, ఈ కొస ఒక్క నిమిషం పట్టుకోండి" అంటారు. మనం వెళ్లింది అమ్మాయి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి కావచ్చు. శుభలేఖ జేబులో ఉండిపోతుంది, చేతిలో మడ్‌గార్డు ఉంటుంది. గంటన్నర తర్వాత ఇల్లు చేరి చూసుకుంటే అరచేతుల నిండా రెడ్ ఆక్సైడు. శుభలేఖకీ అంటి ఉంటుంది, పసుపు రాసినచోట.

మన్యంలో ఇలాంటి మనిషి ఊరికొకరు తగులుతారు. ఒకచోట రిటైరైన పంతులుగారు, ఇంకోచోట లైన్‌మన్, మరోచోట రెండెకరాల కాఫీ తోట ఉన్న రైతు. అందరి పెరట్లోనూ పనస చెట్టు కింద టార్పాలిన్, టార్పాలిన్ కింద జీపు ఉంటాయి. జీపు అనడం మన మర్యాద. ఛాసిస్ ఉంది, గాజువాక ఆటోనగర్‌లో తూకానికి దొరికిన గేర్‌బాక్సు ఉంది, నాలుగు చక్రాలకి మూడున్నాయి, నాలుగో మూల ఇటుకలున్నాయి. లేనిది బాడీ. దాన్ని మాస్టారు స్వహస్తాలతో రేకు కొట్టి కడుతున్నారు. కడుతున్నారు అనే మాట మా వాడు మూడో తరగతిలో ఉండగా మొదటిసారి విన్నాను. వాడిప్పుడు బి.టెక్. మూడో సంవత్సరం.

"పాత సామాను పోగేసి బండి కట్టడమేమిటండీ" అని ఎవరైనా నోరు జారితే ఇక ఆ పూట భోజనం అక్కడే. "మహీంద్రా వాళ్లు చేసిందేమిటటా? అమెరికా నుంచి విల్లీస్ జీపు విడి ముక్కలుగా ఓడెక్కి వచ్చింది. 1949లో బొంబాయి మజగావ్‌లో బోల్టులు బిగించి నిలబెట్టారు. వాళ్లు చేస్తే కంపెనీ, నేను చేస్తే పిచ్చా?" ఆ ప్రశ్నకి జవాబు నాకిప్పటికీ దొరకలేదు. జీపుకి వంపులు ఎందుకు లేవో కూడా ఆయనే చెబుతారు. కొండల్లో సుత్తి ఒక్కటే ఉన్నవాడు కూడా బాగుచేసుకోవాలని అట. యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి తొందరగా, తేలిగ్గా తయారయ్యే బండి కావలసి వచ్చిందని నేను చదివాను. అరకు మాస్టారిని దృష్టిలో పెట్టుకున్నట్టు ఎక్కడా చదవలేదు.

పని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ముందు టీవీ వచ్చిన అట్టపెట్టె కోసి ఛాసిస్ మీద ఆనించి నమూనా తీస్తారు. జనవరి చలిలో ఆ నమూనాలు మాస్టారి మిసెస్ గారి కుంపట్లోకి వెళ్లడం, మళ్లీ తీయడం ఏటా జరిగే తంతు. తర్వాత ఇరవై గేజి రేకు, కత్తెర. కత్తిరించాక అంచు మడవాలి. మడవని అంచు చేయి కోస్తుంది, రేకు కూడా కాగితంలా ఊగుతుంది. అదే అంచుని కర్రసుత్తితో నిదానంగా లోపలికి మడిస్తే రేకుకి వెన్నెముక వచ్చినట్టు నిలబడుతుంది. మాస్టారి మడత ఒక కొస నుంచి బ్రహ్మాండంగా బయలుదేరి, మధ్యకొచ్చేసరికి ఘాట్ రోడ్డెక్కుతుంది.

అసలు రామాయణం వెల్డింగుతో మొదలవుతుంది. మంట తగిలిన చోట రేకు సాగుతుంది, చల్లారాక మళ్లీ దారికి రాదు. ఉబ్బుతుంది. ఇక్కడ నొక్కితే 'టప్' మని అక్కడ లేస్తుంది. దానికి మందుంది. ఉబ్బు మీద పావలా బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో తట్టి, వెంటనే తడిగుడ్డ వేయాలి. 'సుయ్' మని ఆవిరి లేస్తుంది, రేకు ముడుచుకుంటుంది. ఇదంతా మాస్టారికి కంఠోపాఠం. అయితే ఆ తడిగుడ్డ కోసం చేయి చాపినప్పుడు అందేది ఎప్పుడూ ఆవిడ కొత్త తువ్వాలే. ఒక ఉబ్బు అణిగాక ఊరుకోరు, పక్కన లేని ఉబ్బుని కూడా అణుస్తారు. అప్పుడది నిజంగానే లేస్తుంది.

బానెట్‌కీ దాని పక్క రేకుకీ మధ్య సందుని ఐదు రూపాయల బిళ్లతో కొలుస్తారు. ఎడమవైపు బిళ్ల దూరదు, కుడివైపు బిళ్లతో పాటు వేలు కూడా దూరుతుంది. ఓసారి బిళ్ల జారి, నాలుగువైపులా అతికేసిన డబ్బాలో పడింది. ఐదు రూపాయల కోసం అతుకు విప్పి, మళ్లీ గ్యాసు సిలిండరు తెప్పించారు. లెక్క అడిగితే, "శబ్దం వస్తుంది కదండీ" అన్నారు.

మాస్టారి మిసెస్ గారు మహా ఓర్పు గల మనిషి. "జీపు సంగతి సరే, కోళ్లగూటికి తలుపు ఎప్పుడండీ?" అని ఓ సాయంత్రం అడిగారు. ఆయన విసుక్కుంటూ మిగులు ముక్క తీసి, కొలవకుండా కోసి, అరగంటలో బిగించారు. పిల్లి గోరు దూరదు! ఆయన చేతిలో ఇంత అతికినట్టు అమరింది నేనైతే ఇంకోటి చూడలేదు. ఆ మాట పొగడ్తగా అంటే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, తోటల్లో సిల్వర్ ఓకులు కాఫీ మొక్కల మీదకి ఒరిగిపోయిన రోజున వీళ్ల వంటిల్లు కూడా ఎగిరింది. జీపు కోసం చేసిన టాపు పైకెక్కించారు. ఇంకా దిగలేదు.

చట్టం కూడా ఆయనకి తెలుసు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. "నేను మార్చట్లేదండీ. తుప్పు పట్టిన రేకు స్థానంలో రేకు పెడుతున్నాను" అంటారు. ఆ వాదన నెగ్గుతుందో లేదో తేలాలంటే ముందు బండి రోడ్డెక్కాలి.

పోయిన నెల, పాపం, ఎక్కింది. టాపు లేకుండానే. శుక్రవారం సంతకి. బయట బంధువులం, లోపల దారిలో చెయ్యెత్తిన వాళ్లంతా. జీపు అన్నాక కొండల్లో కాదనలేం. రెండు మలుపులు తిరిగామో లేదో మాస్టారు బ్రేకు వేశారు. వెనక నుంచి 'టక టక' శబ్దం. "బిళ్ల! ఇంకో బిళ్ల పడింది" అని అందరినీ దింపేశారు. రేకులన్నీ తట్టారు, కింద పడుకుని చెవి ఆనించారు. చివరికి ఓ ముసలమ్మ చంకన సంచిలోంచి సత్తు గిన్నె తీసి చూపించింది, మూత కొట్టుకుంటోంది.

"చోడంబలి గిన్ని బావూ, అమ్మీది కాదు" అంది భయంగా.

మాస్టారు గిన్నె అందుకుని, అంచు చుట్టూ వేలు పోనిచ్చి, రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోయారు. వెనక బస్సు హారన్ కొడుతోంది.

"మడత చూశారాండీ" అన్నారు నాతో, గొంతు తగ్గించి. "ఎక్కడా వంకర లేదు."