కీర్తి కలుగకుండుగాక!

నలుగురు మెచ్చిన పాటను మెచ్చుకొనుటలో ప్రజ్ఞ యేమున్నది? బీటిల్సు గొప్పవారని సభలో పలికినచో తలలూపువారే కాని, పలికినవాని వంక భక్తితో చూచువాడొక్కడును ఉండడు. అట్లుగాక, ఏ దేశమున పుట్టినదో, ఏ మూల దుమ్ముకొట్టుకొని పడియుండెనో ఎవ్వరికిని తెలియని యొక ఆల్బము పేరు చెప్పి, ఎదుటివాడు తెల్లమొగము వేయగా, "అయ్యో, వినలేదా?" యని జాలిగా అడుగుటలో గల యానందము బ్రహ్మానందసహోదరము. ఆలంకారికులు ఈ మాటను కావ్యరసమునకు మాత్రమే వాడిరన్నచో, అది వారి కాలమున గ్రామఫోను లేకపోవుటచేత జరిగిన లోపము.

ఇట్టి యానందము నాకు ఫెల్ట్ అను బ్రిటిషు ఇండీ రాక్ బృందము వలన లభించినది. బర్మింగ్‌హామునకు చేరువనున్న వాటర్ ఓర్టన్ అను పల్లెలో 1979లో పుట్టిన యీ బృందమునకు నాయకుడు లారెన్సు. ఆయన ఇంటిపేరు వాడడు. లోకప్రసిద్ధులకు మాత్రమే చెల్లు ఈ ఏకనామవ్రతమును ఆయన ముందుగనే ఆరంభించెను. ప్రసిద్ధి మాత్రము వెనుకబడిపోయినది. పది సంవత్సరములలో పది ఆల్బములను, పది సింగిళ్లను వెలువరించి, 1989లో ఈ బృందము కచేరి ముగించి చాప చుట్టెను.

నేను కనుగొనినది వానిలో ఆరవది, 1986లో క్రియేషన్ రికార్డ్స్ వారు వెలువరించిన 'ఫరెవర్ బ్రీత్స్ ద లోన్లీ వర్డ్'. దీనిని బర్మింగ్‌హాములో చదువుకొనుచున్న మా మేనల్లుడు పాత రికార్డుల దుకాణమున కొని నాకు కానుకగా తెచ్చెను. తెచ్చినవాడు వాడేయైనను కనుగొనినవాడను నేనే. ఏలయన, వాడు దానిని వినలేదు.

అట్టమీద ఒక యువకుని ముఖము నిండుగా అచ్చు పడియున్నది. ఇతడే లారెన్సు కాబోలునని నమస్కరింపబోయితిని. కాదు, ఆర్గను వాయించు మార్టిన్ డఫీ యట! కీర్తికై జీవితమంతయు పరితపించిన నాయకుడు అట్టమీద వాద్యకారుని ముఖము వేయించుట, కీర్తికాంతను వరింప తరలిపోయి పీటలమీద తోడిపెండ్లికొడుకును కూర్చుండబెట్టినట్లున్నది. అయినను న్యాయము దానియందు లేకపోలేదు. శాస్త్రీయశిక్షణ పొందిన గిటారు విద్వాంసుడు మారిస్ డీబ్యాంకు బృందమును విడిచిపోగా, ఆ లోటును పూడ్చినది పదహారేండ్ల ప్రాయముననే బృందమున చేరిన యీ బాలుని ఆర్గనే. ఎనిమిది పాటలలోను అది ఏరు వలె పారుచుండగా, లారెన్సు పాడుటకును మాటలాడుటకును నడుమ ఎక్కడనో నిలిచి, నిరుత్సాహముగ పలికిన పలుకులు కూడ ఆ ప్రవాహమునబడి ఉల్లాసముగనే వినవచ్చును. ఒక పాటకు, తనకు నచ్చినవారందరును చచ్చినవారే యను నర్థము వచ్చు పేరు పెట్టెను. బ్రదికియుండి ఆ పాట వినువానికి ఇంతకంటె మర్యాద యేమి కావలెను?

అంతట ఆయన చరిత్రను తవ్వ నారంభించితిని. 1988లో వెలువడిన 'ట్రైన్ అబవ్ ద సిటీ' అను ఆల్బములో ఆయన పాడనులేదు, వాయింపనులేదు. పాటలకు పేర్లు మాత్రము పెట్టెను. ఇట్టి నాయకులను మనము కార్యాలయములలో ఎందరినో చూచుచున్నాము గాని, వారు పేర్లు కూడ పెట్టరు. ఫెల్ట్ ముగిసిన పిమ్మట డెనిమ్ అను బృందము కట్టి, ఎట్టకేలకు జనరంజకమగు 'సమ్మర్ స్మాష్' అను పాటను సిద్ధము చేయగా, సరిగా ఆ సమయముననే, 1997 ఆగస్టు 31న, రాకుమారి డయానా కారు ప్రమాదమున మరణించెను. స్మాష్ అను పేరు గల పాటను ఆ దుఃఖసమయమున విడుదల చేయుట భావ్యము కాదని కంపెనీవారు దానిని అటకెక్కించిరి.

ఇది చదివి కన్నీరు కార్చవలసినది. నాకు లోలోపల సంతోషము కలిగినది. ఆయన కోరునది కీర్తి. నేను కోరునది ఆయనకు కీర్తి రాకుండుట. ఆయన పాట వీధివీధిని మ్రోగిన దినమున నా ప్రజ్ఞకు విలువ యేమి మిగులును? అభిమానివలె గాయకునకు కీడు తలచువాడు, ఆయన పేరైన విననివారిలో ఒక్కడును లేడు.

ఇంతలో మేనల్లుడు ఫోను చేసినాడు.

"మామయ్యా, నువ్వు అంతలా చెప్పావని ఆ ఆల్బమ్ మా రూములో పెట్టాను. అందరికీ తెగ నచ్చింది!"

"అందరికీ అంటే ఎంతమందికిరా?"

"ఏమైంది మామయ్యా, గొంతు అలా ఉంది?"

పుండుమీద కారమన్నట్లు, బెల్ అండ్ సెబాస్టియన్ అను బృందమునకు నాయకుడగు స్టూవర్ట్ మర్డాక్ చిరకాలముగ ఫెల్ట్ భక్తుడనియు, లారెన్సును గూర్చి 2011లోనే ఒక చలనచిత్రము వచ్చెననియు కూడ వాడే తెలిపెను. ఎవరికి వారే తామొక్కరమే కనుగొంటిమని మురియుచున్న యీ ఏకైకాన్వేషకులందరును నాడే టిక్కెట్లు కొనియుండినచో లారెన్సు మేడ కట్టియుండెడివాడు!

మంచి పాటను లోకమునకు చాటుట ధర్మము. దానిని లోకము వినకుండ కాపాడుకొనుట నా యవసరము. ఈ రెంటిని ఒక్క దెబ్బతో సాధించుటకు, బ్రిటిషు ఇండీ రాక్ మీద గ్రాంథికాంధ్రమున వ్యాసము వ్రాయుటకంటె ఉత్తమోపాయము నాకు కానరాలేదు.