మీట మింగిన తెర

కారంటే ఇప్పుడు నాలుగు చక్రాల సెల్‌ఫోన్. ఏసీ తగ్గించాలన్నా మెనూలో మెనూ వెతకాల్సిందే. ఈ ప్రగతిని 2022లో స్వీడన్ పత్రిక ‘వీ బీలాగరే’ కొలిచి చూసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో మార్చడం, ఏసీ సర్దడం వంటి పనులు చెబితే, మీటలున్న 2005 నాటి వోల్వో వీ70లో అవి 10 సెకన్లలో అయిపోయాయి. బండి 306 మీటర్లు కదిలింది. కొత్త ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు పట్టింది, ఈలోగా బండి 1,372 మీటర్లు పరుగెత్తింది. ముందున్న లారీ ఆ ముప్పావు నిమిషం ఓపిక పట్టాలన్నమాట!

అలవాటైతే సర్దుకుంటుందని కంపెనీల సముదాయింపు. పరీక్షకు ముందు డ్రైవర్లకు అలవాటు పడే సమయమిచ్చారు మరి. నోటితో చెబితే చాలంటారా? వెనక సీట్లో పిల్లల గోల మధ్య ఆ మాట వినేదెవరు? అసలు సంగతి ఖర్చు. పాతిక మీటలు, వాటి వైర్ల కన్నా ఒక్క తెర చవక. ఆ మిగులు కొనేవాడి జేబుకు చేరిన దాఖలా మాత్రం లేదు. పైగా సాఫ్ట్‌వేర్ చేతికొచ్చాక అద్దెల బుద్ధీ పుట్టింది: కార్లో ముందే బిగించిన సీటు హీటరుకు బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో నెలవారీ చందా పెట్టి, తిట్లు తిని 2023లో మానుకుంది.

ఇండికేటరు, హారన్, వైపర్లకు విడి మీటలుంటేనే పూర్తి మార్కులని 2026 నుంచి కార్ల భద్రతకు మార్కులేసే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ షరతు. మీటలు తిరిగి తెస్తామని ఫోక్స్‌వ్యాగన్ ముందే చెప్పింది. వస్తాయి లెండి, ‘ప్రీమియం’ ప్యాకేజీలో, అదనపు ధరకు.