దిగిన చోటు చెప్పదేల ఫోను

మూలం (ఆటవెలది):

మబ్బునందు దాచి మరచిన ఫైలును
మూడు చుక్కలొత్తి మురిసి దించ
దిగెనటంచు గంట తెలిపెను గానియు
దిగిన చోటు చెప్పదేల ఫోను

అవతారిక: మండలాఫీసు ఎదుట జిరాక్సు షాపులో, వెనక వరస పెరిగిపోతుండగా, పట్టాదారు పాసుపుస్తకం ప్రింటు తీయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి నోట వెలువడిన పద్యమిది. చెప్పినవారికి కరుణరసం, వెనక నిలబడ్డవారికి రౌద్రం.

ప్రతిపదార్థం: మబ్బునందు = గూగుల్ డ్రైవు మొదలైన క్లౌడులో; దాచి = అప్‌లోడ్ చేసి; మరచిన = ఏ జీమెయిలు ఖాతాలో పెట్టాడో కూడా గుర్తులేని; ఫైలును = పీడీఎఫును; మూడు చుక్కలు + ఒత్తి = పేరు పక్కన ఉండే చుక్కలమీద వేలు ఆనించి; మురిసి = అక్కడ ‘డౌన్‌లోడ్’ అన్న మాట కనబడగానే సంతోషించి; దించన్ = ఫోనులోకి దింపగా; దిగెను + అటంచు = దిగిందని; గంట = నోటిఫికేషను; తెలిపెను గానియు = తెలియజేసినప్పటికీ; దిగిన చోటు = అది ఏ ఫోల్డరో; ఫోను ఏల చెప్పదు = ఎందుకు చెప్పదు?

తాత్పర్యం: స్పష్టం. అనుభవించనివారెవరు?

టీక: ఇక్కడ మబ్బంటే ఆకాశంలోది కాదు. నేలమీద భవనాల్లో బారులు తీరిన కంప్యూటర్లు, వాటికి కరెంటు, వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాట్లు. అలాంటి మబ్బునొకదాన్ని విశాఖపట్నంలో కడతామని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది కూడా. డ్రైవు 2012లో వచ్చింది. ఊరికే ఇచ్చే చోటు 15 జీబీ. మెయిళ్లు, ఫోటోలు అందులోనే సర్దుకోవాలి. నిండిపోయిందని కబురొచ్చేదాకా అటువైపు ఎవరూ చూడరు గనుక ‘మరచిన’ అన్న విశేషణం సార్థకం.

‘మూడు చుక్కలొత్తి’ అన్నచోటే చిక్కుంది. ఆ చుక్కల చాటున ‘డౌన్‌లోడ్’ ఒకటి, ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ ఇంకొకటి ఉంటాయి. కవి మొదటిది నొక్కానంటాడు. షాపు కుర్రాడు మాత్రం ఫోను చేతిలోకి తీసుకుని, రెండోది నొక్కారు బాబాయ్ అంటాడు.

పూర్వపక్షం: రెండూ ఒకటే కదా? నెట్ లేకపోయినా ఫైలు తెరుచుకుంటోంది కదా?

సిద్ధాంతం: ఒకటి కాదు. ఆఫ్‌లైన్ ప్రతి డ్రైవు యాప్ సొంత గదిలోనే ఉంటుంది. ఫోనులోని ఫైల్స్ యాప్ తెరిచి ఎంత వెతికినా అగపడదు. డ్రైవు యాప్‌ను తీసేస్తే దాంతోపాటే పోతుంది. డౌన్‌లోడ్ ప్రతి అలా కాదు. అది ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరులోకి వస్తుంది, యాప్ పోయినా నిలుస్తుంది. ఒక యాప్ గదిలోకి మరో యాప్ తొంగిచూడరాదన్నది ఆండ్రాయిడ్ కట్టుబాటు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి అది మరీ బిగిసింది. ఐఫోనులోనైతే ‘ఓపెన్ ఇన్’ నొక్కి, ‘సేవ్ టు ఫైల్స్’ అని, ఏ ఫోల్డరో మనమే చూపించాలి. కాబట్టి ఐఫోనువారికి ఈ పద్యం చెల్లదు. ఇక కొన్ని ఫైళ్లకు ‘డౌన్‌లోడ్’ అన్న మాటే కనిపించదు, పంచుకున్నవారు దాన్ని ముందే ఆపేసి ఉంటారు. అది వేరే పద్యానికి వస్తువు.

పాఠాంతరం: సైలెంటులో పెట్టిన ఫోన్ల ప్రతుల్లో ‘గంట’ అన్న పదం లేదు. దానివల్ల మూడో పాదంలో ఒక సూర్యగణం లోపించింది.

అలంకారం: ఫైలు కంటబడకముందే ‘మురిసి’ అనడం అతిశయోక్తి అని కొందరు. నా మట్టుకు స్వభావోక్తి.

దోషవిచారం: ఫోను చెప్పదనడం అభాండం. గంట మోగినప్పుడు పైన కనబడిన ఆ వరసనే తాకితే ఫైలు తెరుచుకునేది. కవి దాన్ని ‘క్లియర్ ఆల్’ అని తుడిచేశాడు. దిగలేదనుకుని మళ్లీ దించాడు, ఆపైన మళ్లీ. కుర్రాడన్నట్టు కాదు, కవి నొక్కింది ‘డౌన్‌లోడే’. ఇప్పుడు డౌన్‌లోడ్స్ తెరిస్తే పాస్‌బుక్, పాస్‌బుక్ (1), పాస్‌బుక్ (2) వరసగా కూర్చుని ఉన్నాయి. దీన్ని పునరుక్తి దోషమంటారు. చోటు చెప్పని ఫోనుది కాదు తప్పు, చెప్పినప్పుడు వినని కవిది.

షాపువారి వ్యాఖ్య: ‘‘దించడాలెందుకు బాబాయ్, షేర్ నొక్కి మా వాట్సాప్‌కి కొట్టెయ్యండి.’’ వెనక వరసవారంతా ఈ వ్యాఖ్యనే ఆమోదించారు. పని జరుగుతుంది, నిజమే. కాని ప్రింటు తీయడానికి వాళ్లు మీ పాసుపుస్తకాన్ని తమ కంప్యూటర్లోకి దించుకుంటారు. తరవాత మీరు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కినా ఆ ప్రతి పోదు. డబ్బులిచ్చేముందు దాన్ని మీ కళ్లెదుటే తీసేయించండి. ఎక్కడుందో తెలియదంటే, డౌన్‌లోడ్స్‌లో చూడమనండి.