పగిలింది ఒక్కటి, పరిచేది వెయ్యి అడుగులు

ఫోన్ తెరిస్తే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నిక్షేపంలాంటి గచ్చును బూటు కాలితో తట్టి, "ఇంకా పగలగొట్టిస్తున్నారా సార్?" అని మన మీద జాలిపడుతున్నాడు. దుమ్ము ఉండదట, చప్పుడు ఉండదట, ఇల్లు ఖాళీ చేసే పనే లేదట. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికల్లా కొత్త ఇల్లు. పాత టైల్స్ మీదే కొత్త టైల్స్, కాదంటే చెక్క వేషం వేసుకున్న ప్లాస్టిక్. మీరూ చూసే ఉంటారు. మీ తోడల్లుడు చేయించేసుకుని ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు కూడా పెట్టేసి ఉంటాడు.

ఆ ఫొటోల్లో కనిపించనిది ఒకటుంది. అసలు పగిలినవి ఎన్ని? ఒకటి, మహా అయితే మూడు. సిలిండర్ దొర్లించుకొచ్చిన కుర్రాడి పుణ్యమో, చెయ్యి జారిన రోకలి పుణ్యమో, బాత్రూమ్ లీకేజీ ఎక్కడుందో వెతికిన ప్లంబర్ పుణ్యమో. ఆ ముక్క సంచిలో వేసుకుని షాపుకెళ్తే కౌంటర్ దగ్గరి అబ్బాయి దాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చూసి, "ఈ డిజైన్ ఆగిపోయింది అంకుల్" అంటాడు. గొంతులో విచారం మచ్చుకైనా ఉండదు. ఊపిరి తీసుకోకుండా అడిగే రెండో మాట, "హాల్ ఎన్ని అడుగులు?" ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి చూసి తరతరాలుగా నవ్వుకున్నాం మనం. పాపం, అతను కనీసం నిప్పుకు చదరపు అడుగు లెక్కన డబ్బు కట్టలేదు.

సరే, టైల్ మీద టైల్ సంగతి చూద్దాం. టైల్ మందం 9 మిల్లీమీటర్లు అనుకోండి. కింద పూసే గమ్ ఇంకో 3 నుంచి 6. మొత్తం అర అంగుళం, ఆ పైన కొంచెం. "అర అంగుళమే కదా సార్!" అంటాడు ఇస్త్రీ చొక్కా. ఆ అర అంగుళం సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, తలుపులకు తెలుసు. పని అయిన సాయంత్రం బెడ్రూమ్ తలుపు వేయబోతే సగంలో ఆగిపోతుంది. అప్పుడు వడ్రంగి వస్తాడు. ఇంట్లో ఉన్న ప్రతి తలుపూ ఊడదీసి, అడుగు కోసి, మళ్లీ బిగిస్తాడు. దుమ్ము ఉండదన్న మాట నిజమే. టైల్ దుమ్ము ఉండదు, చెక్క పొట్టు ఉంటుంది. బయటి ఇనుప గ్రిల్ తలుపును చిత్రిక పట్టడం కుదరదు కాబట్టి వెల్డింగ్ అతను కూడా వస్తాడు. ఇవేవీ చదరపు అడుగు రేటులో ఉండవు.

తర్వాత గడప. ముహూర్తం పెట్టించి, నవధాన్యాలు వేసి, ద్వారబంధం నిలబెట్టి, శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. అపార్ట్‌మెంట్ బిల్డర్ దయవల్ల అది ముందే సన్నగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. దాని మీదికి అర అంగుళం గచ్చు వచ్చి ఆనుకుంటే మిగిలేది చెక్క గీత. లక్ష్మీదేవి గడప దాటి లోపలికి రావాలంటారు పెద్దవాళ్లు. ఆవిడ ఇక దాటక్కర్లేదు, గచ్చు మీదికి ఎక్కాలి. "మరి పసుపు ఎక్కడ రాయాలి?" అని ఇంటావిడ అడిగితే, గడప బొమ్మ ఉన్న స్టిక్కర్ దొరుకుతుందని చెప్పిన ఘనుడు మా బంధువర్గంలోనే ఉన్నాడు.

వంటింట్లో ఇంకో వినోదం. ప్లాట్‌ఫాం కింద కొలిచి ఇరికించిన వాషింగ్ మెషిన్ ఉంటుంది కదా, దాన్ని కదపకుండా దాని ముందు దాకా టైల్స్ పరిచేస్తారు. రిపేరు వచ్చిన రోజున అది బయటికి రాదు. పైకి లేపుదామంటే గ్రానైట్ తగులుతుంది, ముందుకు లాగుదామంటే కొత్త గచ్చు అడ్డం. బాల్కనీ స్లైడింగ్ తలుపు పట్టా గుంటలో పడుతుంది. డబ్బులు చాలక ఒక గది వదిలేస్తే, ఆ గది గుమ్మంలో అర అంగుళం మెట్టు మిగులుతుంది. రాత్రిపూట బాత్రూమ్‌కు లేచిన ముసలాళ్ల కాలి బొటనవేలి కోసమే దాన్ని కొలిచి కట్టినట్టు ఉంటుంది. వెయ్యి అడుగుల ఫ్లాటులో ఇలా పరిచే టైల్స్ బరువు దాదాపు రెండు టన్నులు. స్లాబు కూలిపోతుందని నేననను. రెండు టన్నులు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నామని ఎవరూ అనుకోరనే నా బాధ.

ఇంతకీ ఆ మొదటి టైల్ ఎందుకు పగిలింది? కింద సిమెంట్ నిండుగా పోయకుండా నాలుగు మూలలా, నడిమధ్య ఐదు ముద్దలు పెట్టి అంటించారు కాబట్టి. నాణెంతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. ఆ డొల్ల మీద గమ్ పూసి కొత్త టైల్ అతికిస్తే డొల్ల ఎక్కడికీ పోదు, పైన కొత్త కప్పుతో హాయిగా ఉంటుంది. ఐదేళ్లకు ఈ కొత్తదీ పగులుతుంది. అప్పటికి ఆ డిజైనూ ఆగిపోతుంది. మూడో వరుస వేస్తారు. నిచ్చెన లేకుండా సీలింగ్ ఫ్యాన్ తుడుచుకునే రోజు ఎంతో దూరంలో లేదు.

ప్లాస్టిక్ చెక్క గురించి ఒక్క మాట చాలు. పలకలోకి నీళ్లు దిగవు నిజమే, అతుకుల్లోంచి కిందికి దిగుతాయి, పండగ ముందు బకెట్లతో ఇల్లు కడిగే జనానికి ఆ వాసన కొన్నాళ్లలో పరిచయమవుతుంది. పగిలిన చోట మొరాకో పూల టైల్ ఒకటి పెట్టి "ఫీచర్" అనేవాళ్లూ, బీటలో బంగారు రంగు ఎపాక్సీ పోసి జపాన్ తత్వం చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లకో నమస్కారం.

నవ్వింది చాలు. ఇది సరదా విషయం కాదు, ఒళ్లు మండే విషయం. మన ఇళ్లలోకి వచ్చే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. ఇంకుజెట్ యంత్రాలు వచ్చాక టైల్ మీది డిజైన్ అంటే కంప్యూటర్‌లో ఒక ఫైల్, అంతే. కొత్త ఫైల్ ఎక్కిస్తే కొత్త డిజైన్. అందుకే ఇటలీ పాలరాతి పేర్లు పెట్టుకుని డిజైన్లు పుడుతూనే ఉంటాయి, మనం గృహప్రవేశం అప్పు తీర్చేలోపే పోతుంటాయి. ఒక్క పెట్టె కోసం బట్టీ వెలిగించరని నాకూ తెలుసు. వెలిగించినా మట్టి, రంగు, కాల్పు మారితే షేడ్ కలవదనీ తెలుసు. తెలిసిన ఆ మాట అమ్మేరోజునే చెప్పడానికి నోరెందుకు రాదు? పెట్టె మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు అచ్చువేసి ఉంటాయి. బిల్లు మీద మాత్రం "2x4 ఐవరీ" అని రాసి ఊరుకుంటారు. పైగా మిగిలిన పెట్టెలు వెనక్కి తెచ్చిస్తే డబ్బులిస్తామని ఆశపెడతారు. రేపు ఎంత డబ్బు పోసినా దొరకని సరుకు అది.

బిల్డర్లు వీళ్లకు అన్నలు. లారీల కొద్దీ ఒకే బ్యాచ్ దింపుతారు. మిగిలింది పక్క సైట్‌లో వాచ్‌మన్ గదికి పోతుంది. తాళాలు ఇచ్చే రోజున స్వీటు డబ్బా, వినాయకుడి బొమ్మ, ఫొటో. ఫ్లాట్ కొన్నవాడికి ఒక పెట్టె టైల్స్ ఇవ్వడానికి చేతులు రావు, పేరు రాసిన కాగితం ముక్క ఇవ్వడానికి కూడా రావు. దీనికితోడు జాయింట్ కనిపించకూడదని ఒక పిచ్చి. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే పగిలినదాన్ని ఒక్కదాన్నే కోసి తీయొచ్చు. ఆనించి పరిస్తే పక్కవాటి అంచులు కూడా లేచిపోతాయి. ఎండకు సాగడానికి జాగా లేక వరసకు వరస పైకి లేచేదీ అందుకే.

మోసం లేని మేస్త్రీలు ఇంకా ఉన్నారు. మంచం కిందనో బీరువా వెనకో ఉన్న టైల్‌ను జాగ్రత్తగా లేపి హాల్లో వేస్తాడు అలాంటివాడు. మంచం కింద ఏదో ఒకటి వేస్తాడు. తీసేటప్పుడు ఒకటి రెండు పగలొచ్చని ముందే చెప్తాడు. అదీ కుదరకపోతే పగిలిన వరస మొత్తం తీసేసి నల్ల కడప రాయితో పట్టీ వేస్తాడు. చూసినవాళ్లు మొదటినుంచీ అంతే అనుకుంటారు. బేతంచర్ల, తాండూరు నాపరాళ్లు పరిచిన ఇళ్లకు ఈ తిప్పలే లేవు. ఏ రెండు రాళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి కొత్తది వేస్తే ఎవరికీ తెలియదు. రీల్స్‌లో ఈ మేస్త్రీ కనిపించడు, ఎందుకంటే ఒక్క టైల్ మార్చేవాడికి ప్రకటన ఖర్చు గిట్టదు.

కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు రెండు పెట్టెలు అటక మీద పడేయండి, షేడ్, బ్యాచ్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి, ఖాళీ పెట్టెను ఫొటో తీసి పెట్టుకోండి. ఫ్లాట్ తీసుకుని ఐదేళ్లు దాటనివాళ్లు డొల్ల టైల్స్ లెక్కపెట్టి బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం పనితనం లోపాలను 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాల్సిన బాధ్యత వాళ్లది. ఇంకా తాళాలు అందుకోనివాళ్లు టైల్స్ పెట్టె ఏదని అడగండి. అది వచ్చేదాకా స్వీటు తినండి గానీ సంతకం పెట్టకండి.