ఖాళీగా ఉన్న పిన్ని

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఏ వీధికెళ్లినా అరుగు మీద ఓ లేసు పిన్ని ఉంటుంది. ఏం చేస్తున్నావు పిన్నీ అంటే, “ఏముందిరా, ఖాళీగానే ఉన్నా” అంటుంది. ఆ మాటనేటప్పుడు ఎడమ చూపుడువేలికి దారం చుట్టి ఉంటుంది. కుడిచేతిలో కొక్కెం సూది దూరుతూ, దారాన్ని లాక్కొస్తూ, మళ్లీ దూరుతూ ఉంటుంది. చూపు మాత్రం అక్కడుండదు. కళ్లు సీరియల్ మీద, ముక్కు పొయ్యి మీది పాల మీద, చెవులు ఎదురింటి గొడవ మీద.

ఏం అల్లుతున్నావని మాత్రం అడక్కూడదు. అది పిన్నికీ తెలీదు. కుర్చీ వీపుకి గుడ్డగా మొదలవుతుంది. కోడలికి నెల తప్పిందని ఫోనొస్తే ఉయ్యాల్లోకి దుప్పటవుతుంది. అమెరికాలో పెద్దాడు చలి అన్నాడంటే ఇంకో పాతిక వరసలు పడి శాలువా అయిపోతుంది. అది పూర్తయ్యేలోగా అక్కడ ఎండాకాలం వచ్చేస్తుంది. “పోన్లే, ఇంకో రెండు చుట్లేత్తే డైనింగు టేబులుకి సరిపోద్ది.” ఈ అల్లికలో ఉన్న సుఖమే అది. వరస మీద వరస ఎంతైనా ఎక్కుతుంది. నచ్చకపోతే కొస పట్టి లాగితే సాయంత్రమంతా ఊడొచ్చి మళ్లీ దారపు ఉండైపోతుంది.

ఇంట్లో లేసు తొడుక్కోని వస్తువు లేదు. ఫ్రిజ్జుకి, మిక్సీకి, రిమోటుకి తలో చొక్కా. పల్చటి టీవీలొచ్చాక పైన గుడ్డ నిలవడం లేదని ఆ కంపెనీలవాళ్లందరి మీదా పిన్నికి కోపం.

చేపలమ్మితో అరగంట బేరమాడే ఈ పిన్నే, ఏజెంటు దారమిచ్చి, అల్లిన లేసు పువ్వులు పట్టుకెళ్లేటప్పుడు నోరెత్తదు. పువ్వులల్లేది ఒకరు, అతుకుపని చేసేది ఇంకొకరు, డబ్బు లెక్కపెట్టుకునేది మరొకరు. పొద్దున విప్పిన పేపరు మధ్యాహ్నానికి మడిచే బాబాయి, “మా ఆవిడకేం పనండీ, ఆయ్, కాలక్షేపానికలా అల్లుకుంటా ఉంటది” అంటాడు. నెలాఖర్లో పచారీ కొట్టు బాకీ తీర్చేది ఆ కాలక్షేపమే.

1844 ప్రాంతంలో మిషనరీ దొరలు నేర్పారని చెప్పే ఈ విద్యకి 2024లో నరసాపురం పేరిట భౌగోళిక గుర్తింపొచ్చింది. అంతకు చాలా ముందే మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు ఇక్కడికొచ్చి, ఈ ఆడవాళ్లు అల్లేది విదేశాల బజార్లకి వెళుతుంటే, అందరూ దాన్ని తీరిక పనిగా చూడబట్టే కూలి అంత తక్కువని 1982లో ఓ పుస్తకమే రాసింది. ఈ సంగతి పిన్నికి కాస్త ఆవేశంగానే చెప్పాను. ఆవిడ సూది ఆపకుండా అంతా విని, ఒక్కటే అడిగింది.

“ఆ పుస్తకం పొడవెంత, వెడల్పెంతరా? అట్టకోటి అల్లేత్తాను.”