తాడు విప్పు వేళ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మూలంలో లేనిదేదీ రాయనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నవి కాళిదాసు కావ్యాలు కాబట్టి చెల్లింది. ఈ పద్యానికి మూలకర్తా టీకాకారుడూ ఒకడే కావడం వల్ల, నాలుగు పాదాల్లో ఇమడనిదంతా టీకాలో కూరుకునే వెసులుబాటు దొరికింది.

ఇంగ్లండులో కుక్కను పెంచుకునే తెలుగువాడికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ధర్మసంకటం తప్పదు. ఎదురుగా పచ్చిక మైదానం. ఊళ్ళో కుక్కలన్నీ దాని మీద ఇష్టారాజ్యంగా పరిగెడుతున్నాయి. మన కుక్క మాత్రం లీడ్ చివర గుంజుకుంటూ మన మొహంలోకి చూస్తోంది. విప్పితే పోతుందేమో, విప్పకపోతే పాపమేమో. అటువంటి వారి హితం కోరి చెప్పిన ఆటవెలది ఇది.

తాడు విప్పువేళ తడబడు కరమేల
తోక చూడు మొదట తోవ పిదప
పేరు పిలువబోకు వేయిమార్లూరక
వచ్చెనేని పెట్టు వలచు తిండి

శాస్త్రం మొదలుపెట్టేవాడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందే చెప్పాలి. విషయం, లీడ్ లేని నడక. ప్రయోజనం, కుక్కకు పరుగు, మనిషికి భుజం నొప్పి నుంచి విముక్తి. సంబంధం, ఇప్పటిదాకా చేతికీ కాలర్‌కీ మధ్య ఉన్నదే. అధికారి ఎవరన్నది చివర చెబుతాను. ఇప్పుడే చెబితే సగంమంది ఇక్కడే లేచిపోతారు.

ప్రతిపదార్థం

తాడు విప్పు వేళ = లీడ్ కొక్కెం తీసేటప్పుడు; తడబడు కరము ఏల = చెయ్యి వణకడం ఎందుకు; మొదట తోక చూడు = ముందు కుక్క తోకను గమనించు; పిదప తోవ = ఆ తరువాత దారిని; ఊరక = పని లేకుండా; వేయి మార్లు = వెయ్యిసార్లు; పేరు పిలువబోకు = పేరు పెట్టి పిలవకు; వచ్చెనేని = ఒకవేళ వస్తే; వలచు తిండి = అది ప్రాణం పెట్టే తిండి; పెట్టు = పెట్టు.

తాత్పర్యం

పద్యం తేటగానే ఉంది. తెలియకపోయేదల్లా ఆచరణ దగ్గరే. కాబట్టి విశేషాలు.

"తడబడు కరమేల"

తడబడుతున్నది కుక్క కాదు, చెయ్యి. కవి ఎత్తుగడలోనే రోగి ఎవరో తేల్చేశాడు. ధైర్యం వచ్చాక విప్పుదాం అనుకునేవాడికి ధైర్యం రాదు. ధైర్యం రాకుండా విప్పినవాడికి కుక్క రాదు. ఈ ఇద్దరి మధ్యా పది మీటర్ల తాడు ఒకటి ఉంది.

దాన్ని లాంగ్ లైన్ అంటారు. ఏ రంగుది కొన్నా నాలుగు రోజుల్లో బురద రంగుకే వస్తుంది. దాన్ని కాలర్‌కు కాక హార్నెస్ వీపు మీది రింగుకు తగిలించాలి. పరుగు మీదున్న కుక్క తాడు చివరికొచ్చి ఠక్కున ఆగితే ఆ కుదుపు మెడ మీద పడకూడదు. తాడును చేతికి చుట్టుకోవడం కూడదు, చుట్టుకుంటే వేళ్ళ మీద ఆశ వదులుకోవాలి. చెయ్యి జాగ్రత్త కావాలంటే తోటపని గ్లవుజులు తొడుక్కోవచ్చు. మొదట కొన్నాళ్ళు పట్టుకుని నడుస్తారు. ఆ తరువాత పట్టు వదిలేసి, దాన్ని గడ్డి మీద ఈడ్చుకుంటూ పోనిస్తారు. అవసరం పడితే తాడు మీద కాలు వేస్తారు. తాను విడిగానే ఉన్నాననుకుంటుంది కుక్క. తాను పట్టుకునే ఉన్నాననుకుంటాడు మనిషి. ఇద్దరి నమ్మకంలోనూ సగం నిజం.

నమ్మకం కుదిరేకొద్దీ ఆ తాడును కాస్త కాస్త కత్తిరించి పొట్టి చేసేవాళ్ళున్నారు. చివరికి హార్నెస్‌కు జానెడు ముక్క వేలాడుతూ మిగులుతుంది. దాన్ని పట్టుకుని ఎవరూ ఏ కుక్కనూ ఆపలేరు. అయినా తియ్యరు. ఆ జానెడూ కుక్క కోసం కాదు.

"తోక చూడు మొదట"

మా లడ్డూ కాకర్ స్పానియల్. పొదల్లో దాక్కున్న పిట్టల్ని లేపడానికి తరతరాలుగా ఎంచి పెంచిన జాతి. మామూలు నడకలో దాని తోక తాపీగా ఊగుతుంది. ఉన్నట్టుండి ముక్కు నేలకు దిగుతుంది, తోక ఊపు చిన్నదై వేగం పెరుగుతుంది, ఊపిరి బుసలా వినిపిస్తుంది. అంటే కుందేలో, నెమలికోడో ఇటు వెళ్ళిందన్నమాట. పిలవాల్సింది ఆ లిప్తలో. తల పైకెత్తి, ఒళ్ళంతా బిగదీసి, ఒక ముందుకాలు గాల్లో ఉంచిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పరుగు అందుకున్నాక మన కేక దాని చెవిలో పడదు, పడినా లెక్కలోకి రాదు.

దీనికి జగద్విదితమైన ఉదాహరణ 2011 నవంబరులో లండన్ రిచ్‌మండ్ పార్కులో జరిగింది. ఫెంటన్ అనే లాబ్రడార్ జింకల మందను తరుముకుంటూ రోడ్డు దాటించేసింది. వెనక యజమాని దాని పేరునూ, దేవుడి పేరునూ మార్చి మార్చి కేకవేస్తూ పరిగెత్తాడు. ఆ వీడియోను లక్షలమంది చూసి నవ్వారు. కుక్కలున్నవాళ్ళు మాత్రం నవ్వుతూ నవ్వుతూ తమ లీడ్‌ను ఒకసారి తడిమి చూసుకుని ఉంటారు.

"తోవ పిదప"

ఇక్కడ తోవ అంటే దారి ఒక్కటే కాదు, దారిని పట్టి ఉన్న చట్టం కూడా. దేశం కుక్కలకు ఉదారమైనదే. చట్టాలు మాత్రం లీడ్ కంటే పొడుగు. గ్రామసీమల్లో అందరికీ తెరిచి ఉంచిన బీళ్ళలో మార్చి 1 నుంచి జూలై 31 వరకు రెండు మీటర్లు దాటని లీడ్ ఉండి తీరాలని 2000 నాటి చట్టం. నేల మీద గూళ్ళు పెట్టే పిట్టల కాలమది. గొర్రెలున్న పొలంలో అదుపులో లేని కుక్క తిరగడమే నేరమంటుంది 1953 నాటి చట్టం. మందను కాపాడుకోవడానికి వేరే దారి లేక కుక్కను కాల్చిన రైతుకు చట్టం అండ కూడా ఉంది. 1991 చట్టం ప్రకారం కుక్క కరవనక్కర్లేదు. కరుస్తుందేమోనని ఎదుటి మనిషి సహేతుకంగా భయపడినా కేసు కావచ్చు. ఇక బహిరంగ స్థలంలో కాలర్ మీద యజమాని పేరూ చిరునామా ఉండాలి, 2016 నుంచి చర్మం కింద మైక్రోచిప్ కూడా. విప్పేముందు ఈ రెండూ సరిచూసుకోమని కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు లేక.

చట్టం పట్టించుకోని తోవ మర్యాద ఒకటి ఉంది, నా లెక్కలో అదే ముఖ్యం. ఎదురుగా వచ్చే కుక్క లీడ్ మీద ఉందంటే దానికేదో కారణం ఉంటుంది. ముసలిదో, ఆపరేషన్ అయిందో, సాటి కుక్కలంటే హడలో. కొన్నిటికి దూరం పాటించమని పసుపు రిబ్బను కూడా కడతారు. అప్పుడు మన కుక్కను పిలిచి తగిలించుకోవడం పద్ధతి. దానికి బదులు అర మైలు దూరం నుంచి "భయపడకండి, మావాడు చాలా మంచివాడు!" అని అరిచేవాళ్ళే ఎక్కువ. మంచివాడైతే పిలిస్తే రావాలి కదా.

"పేరు పిలువబోకు వేయిమార్లూరక"

ఇంట్లో రోజంతా "లడ్డూ, దిగు", "లడ్డూ, వద్దు", "లడ్డూ, చెప్పు వదులు" అంటూనే ఉంటాం. ఇక మైదానంలో "లడ్డూ!" అంటే దానికి ఏమని అర్థం కావాలి? అందుకే వెనక్కి రమ్మనడానికి వేరే పిలుపు ఒకటి దాచుకోవాలి, ఒక్కసారే పిలవాలి, రాదని తెలిసినప్పుడు అసలు పిలవనే కూడదు. రాదని తెలిసీ పదిసార్లు పిలిచినవాడు, ఆ పిలుపుకు రానక్కర్లేదని పదిసార్లు పాఠం చెప్పినట్టే. మొదట్లో ఎలాగూ మనవైపే వస్తున్నప్పుడు పిలవాలి. ఇది మోసం కాదా అని శంక. కాదు, అక్షరాభ్యాసం అని సమాధానం.

అనుభవజ్ఞులు గొంతుకంటే విజిల్ మేలంటారు. బర్మింగ్‌హామ్‌లో తయారయ్యే ఆక్మీ విజిళ్ళ మీద స్థాయి అంకె ఉంటుంది. స్పానియల్ వాళ్ళు 210.5, లాబ్రడార్ వాళ్ళు 211.5 కొనడం ఆనవాయితీ. ఒకటి పోతే అదే అంకెది ఇంకోటి కొనుక్కోవచ్చు, కుక్కకు తేడా తెలియదు. దాని అసలు గుణం ఇంకోటి. విజిల్‌కు కోపం రాదు, కంగారు రాదు. "ఈయన గొంతు మారింది, ఇప్పుడు వెళ్తే తన్నులే" అని కుక్క ఊహించుకోవడానికి అందులో ఏమీ దొరకదు.

"వచ్చెనేని పెట్టు"

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పార్కుల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్న పాఠాంతరం "వచ్చెనేని తిట్టు". ఛందస్సుకు లోటు రాదు, యతి చెడదు. మరుసటిసారి కుక్క మాత్రం రాదు.

తిట్టు పాఠాన్ని సమర్థించేవాళ్ళు ఆలోచించాల్సిన కథ బృహద్దేవతలో ఉంది. పణులు ఆవుల్ని దాచేస్తే వాటిని వెదకమని ఇంద్రుడు సరమ అనే దేవశునిని పంపాడు. లీడ్ లేదు, లాంగ్ లైన్ లేదు, నది దాటి వెళ్ళింది. పణులు పాలు పోశారు, తాగింది. తిరిగొచ్చి ఆవుల్ని చూశావా అని ఇంద్రుడు అడిగితే లేదంది. ఆయన కాలితో తన్నాడు, అది పాలు కక్కుకుంది. వ్యాఖ్యాతలంతా ఇందులో సరమ ద్రోహాన్ని చూశారు. ఈ టీకాకారుడికి కనిపించేది వేరు. అంతదూరం పోయి, అక్కడ పాలు దొరికాక కూడా, వెనక్కి వచ్చింది కదా! వచ్చినదానికి దక్కింది తన్ను. ఇంద్రుడి దగ్గర పాలకు మించినది ఏదైనా ఉండి ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదు. ఋగ్వేదంలోని సరమ పణులకు లొంగనే లేదన్నది వేరే సంగతి. మన పార్కులో తిరిగేవి ఎక్కువగా బృహద్దేవత సంప్రదాయానివే.

కాబట్టి ఎంత ఆలస్యంగా వచ్చినా పెట్టాలి. పళ్ళు నూరుకుంటూ అయినా పెట్టాలి. ఇంకో కిటుకు, పిలిచిన ప్రతిసారీ లీడ్ తగిలించి ఇంటికి లాక్కుపోకూడదు. పిలిచి, కాలర్ పట్టుకుని, తినిపించి, మళ్ళీ పొమ్మనాలి. పిలుపంటే ఆట ముగింపు కాదని దానికి నమ్మకం చిక్కాలి. వెంటపడి పట్టుకోబోవడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం, అది తొక్కుడుబిళ్ళంత సరదా ఆట అనుకుంటుంది. దానికి ఎదురుదిక్కుగా మనమే పరిగెత్తితే అది మన వెంటపడుతుంది. చూసేవాళ్ళకు కాస్త వింతగా ఉంటుంది, అంతే.

"వలచు తిండి" అంటే బిస్కెట్లని కొందరి వ్యాఖ్య. అది అపవ్యాఖ్య. ఇంట్లో గిన్నెలో రోజూ పోసేదాన్ని కుందేలుకు పోటీగా నిలబెట్టడం హాస్యాస్పదం. ఉడికించిన కోడిమాంసం, చీజ్, లివర్ ముక్కలు శాస్త్రసమ్మతం. శాకాహారుల ఇళ్ళలో పనీరు పనిచేస్తుందని విన్నాను. జేబులు ఎప్పటికీ పాత జేబులు కావు.

పూర్వపక్షం

విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన మా మామగారు ఇదంతా విని, "ఏం బాబూ, మన ఊళ్ళో కుక్కలకు తాళ్ళెవరు కట్టారు? ధర్మరాజు వెంట స్వర్గం దాకా వెళ్ళిన కుక్కకు తాడుందా?" అన్నారు.

శంక గట్టిదే. సమాధానం. మన వీధికుక్క తన వీధిలో పుట్టింది, ఆ రోడ్డు మీదే పెరిగి లారీకీ ఆటోకీ తేడా నేర్చింది, సరిహద్దు తనే గీసుకుంది. దాన్ని వెనక్కి పిలవాల్సిన అవసరం ఎవరికీ లేదు. లడ్డూ సోఫా మీద పెరిగింది. కారు అంటే దాని దృష్టిలో కిటికీ ఉన్న మంచం. ఇక ధర్మరాజు కుక్క ఆద్యంతం వెనకే నడిచింది. వెనక నడిచే కుక్కతో ఎవరికీ చిక్కు లేదు. పైగా అది యమధర్మరాజని చివర్లో తేలింది, అంటే సామాన్య నియమాలకు లోబడదు.

అపవాదం

పై నియమాలన్నీ ఒక వయసులో ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. నిన్నటిదాకా పిలవగానే వచ్చిన పిల్ల, ఎనిమిది నెలలకు మనల్ని ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూస్తుంది. 2020లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఇది తేలింది. ఐదు నెలల్లో కన్నా ఎనిమిది నెలల్లో కుక్కలు పెంచేవాళ్ళ మాట తక్కువగా విన్నాయి, పరాయివాళ్ళు చెబితే మాత్రం వినడం తగ్గలేదు. టీనేజి పిల్లలున్న తల్లిదండ్రులకు వేరే వ్యాఖ్య అక్కర్లేదు. ఆ నెలల్లో లాంగ్ లైన్ మళ్ళీ బయటికి తీయడం ఓటమి కాదు.

ఛందస్సు

ఆటవెలది. యతిస్థానాలు తా-త, తో-తో, పే-వే, వ-వ. మొత్తం 16 సూర్యగణాలు. ఇంగ్లండులో ఒకేచోట ఇంత సూర్యుడు కనబడటం అరుదు.

అధికారి

అందరూ కారు. కదిలే ప్రతిదాన్నీ కంటితో పట్టుకుని దూసుకుపోయే గ్రేహౌండ్లు, ఎక్కడో దెబ్బతిని వచ్చి చప్పుడుకే పారిపోయే రెస్క్యూ కుక్కలు, వాసన పడితే ప్రపంచాన్ని మరిచే బీగిళ్ళు, వీటిలో చాలావాటికి జన్మంతా లాంగ్ లైనే మేలు. అందులో చిన్నతనం లేదు. వాటి కోసం ఇక్కడ చుట్టూ ఎత్తైన కంచె కట్టిన పొలాలు గంటల లెక్కన అద్దెకిస్తారు. తలుపు మూసి విప్పేయడమే.

మామగార్ని ఒకసారి అటువంటి పొలానికి తీసుకెళ్ళాను. గంటకు ఎంతని అడిగారు. పది పౌండ్లకు అటూ ఇటూ అన్నాను.

"పంటేం వేస్తారు?"

"ఏమీ వెయ్యరు మామయ్యగారూ. గడ్డి కోస్తారు, అంతే."

"మందులు, పురుగు?"

"లేవు."

లడ్డూ కంచె వెంబడి చుట్లు కొడుతోంది. ఆయన దానివైపు చూడటం మానేసి, ఎండాకాలంలో రోజుకు ఎన్ని గంటలు బుక్ అవుతుందని అడిగి, సెల్‌ఫోన్ తీసి తెనాలి దగ్గరి తన ఎకరన్నర కౌలుతో హెచ్చవేతలు మొదలుపెట్టారు.