కిలోమీటరుకి ఏడు రూపాయలు

2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62 మూడో దశ చివర్లో అదుపు తప్పిందో లేదో, ఫోన్లలో ఆ లెక్క మళ్లీ తలెత్తింది. అదే లెండి, మంగళయాన్ కిలోమీటరుకి ఏడు రూపాయలు, అహ్మదాబాద్ ఆటో పది. కింద జెండాలు, దండాలు. పదహారు ఉపగ్రహాలు పోయిన పూట కూడా మనవాళ్లకి గుర్తొచ్చింది చవకే. పెళ్లి పీటల మీద ఆగిపోయినా వంటవాళ్లు తక్కువకి కుదిరారని పొంగిపోయే పెదనాన్న ఇంటికొకడు ఉంటాడు, సరే. దేశానికి కూడా ఉండాలా?

ఈ ఆటో 2014 సెప్టెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బయల్దేరింది. ప్రధాని చెప్పారు, ఎన్నారైలు ఊగిపోయారు. (ఆ హాల్లో ఎంతమంది ఆటో ఎక్కి ఎన్నేళ్లయిందో!) ఖర్చు 450 కోట్లు, దూరం 65 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే ఏడుకి కాస్త తక్కువ. భాగహారంలో తప్పేం లేదు. నా పేచీ మీటరుతో.

భూమిని వదిలాక మంగళయాన్ పెద్ద ఇంజను దాదాపు 300 రోజులు పడుకుంది. దారిలో చిన్న చిన్న దిద్దుబాట్లు తప్ప, ఆ కోట్ల కిలోమీటర్లూ ఊరికే దొర్లుకుంటూ పోయినవే. ఇంజను ఆపేసి తిరుమల ఘాట్ రోడ్డు దిగిన ఆటోవాడు కిలోమీటరుకి ఇంత అని చెయ్యి చాపితే ఇస్తారా? అలిపిరి దగ్గరే పంచాయితీ పెట్టరూ?

పోనీ, ఈ మీటరే ఖాయం చేసుకుందాం. 1977లో ఎగిరిన నాసా వాయేజర్లు రెండింటికీ కలిపి నెప్ట్యూన్ దాటేదాకా అయిన ఖర్చు 86.5 కోట్ల డాలర్లు. ఇవాళ్టి రేటుకి ఎనిమిది వేల కోట్ల రూపాయలు, అటూ ఇటూగా. రెండూ కలిపి ఇప్పటికి నాలుగు వేల కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి, ఇంకా పోతూనే ఉన్నాయి. వేసుకోండి భాగహారం. కిలోమీటరుకి రెండు రూపాయలు కూడా పడదు! మన ఆటో కంటే అమెరికా వాడి ఆటోయే చవక. ఫార్వర్డ్ చేస్తారా?

అదే చేత్తో సీ62కి కూడా లెక్క కట్టండి. చేరాల్సిన కక్ష్య చేరలేదు కదా, ఛార్జీ ఎంత పడింది? దీనికి మాత్రం ఎవరూ మీటరు వెయ్యరు.

సినిమా పోలిక ఇంకో రకం. మంగళయాన్ గ్రావిటీ కంటే చవక, చంద్రయాన్-3 ఇంటర్‌స్టెల్లార్ కంటే చవక. పోయిన సినిమాకి కనీసం సాయంత్రానికి రివ్యూ వస్తుంది.

ఇంతకీ ఈ చవక ఎక్కణ్ణుంచి వస్తోంది? ఇస్రో మాజీ ఛైర్మన్ మాధవన్ నాయర్ 2023లోనే చెప్పారు, మన శాస్త్రవేత్తల జీతాలు ప్రపంచంలో ఇచ్చేవాటిలో ఐదో వంతని. అది చప్పట్లు కొట్టాల్సిన సంగతా? అటు స్పేస్‌ఎక్స్ వాడిన రాకెట్టునే దించి మళ్లీ ఎగరేస్తోంది. 4,700 కిలోల జీశాట్-ఎన్2 ఉపగ్రహాన్ని 2024 నవంబరులో మనం ఎక్కించింది ఆ రాకెట్టులోనే.

ఇక వెటకారం చాలు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 పోయింది. మూడో దశలో ఛాంబర్ పీడనం పడిపోయిందన్నారు. మబ్బుల్లోంచి, చీకట్లోంచి నేలను చూడగల ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం అందులో పోయింది. కమిటీ వేశారు. కమిటీ నివేదిక జనం ముందుకు రాలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండా అదే రాకెట్టు, అదే మూడో దశ. ఈసారి డీఆర్‌డీఓ ‘అన్వేష’ ఒక్కటే కాదు, హైదరాబాద్ కుర్ర కంపెనీల ఉపగ్రహాలు, అస్సాం విద్యార్థులు చేతులు పెట్టిన బుల్లి ఉపగ్రహం కూడా పోయాయి. ఆ పిల్లలకి ఏం చెప్తారు? మొదటిసారి ఏం చెడిందో, ఏం బాగుచేసి మళ్లీ ఎగరేశారో చెప్పకుండా వాళ్ల కష్టాన్ని ఎందులో ఎక్కించారు?

చెప్పడం ఇస్రోకి చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. 2021లో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 పోయినప్పుడు క్రయోజెనిక్ దశలో ఒక వాల్వు సీలు దెబ్బతిని, హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందని విడమరిచి చెప్పారు. 2022లో ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం పోతే, రెండో దశ విడిపోయేటప్పటి కుదుపుకి సెన్సర్లు తప్పుదారి పట్టాయని చెప్పారు. ఎవరి పరువూ పోలేదు. రాకెట్లు పోతాయి, అందరివీ పోతాయి. దాన్ని తిట్టేవాడికి రాకెట్టంటే ఏమిటో తెలీదు. నోరు మూసుకున్నందుకే నా ఒళ్లు మండుతోంది.

కిలోమీటరు ఖర్చు రూపాయితో సహా అప్పజెప్తాం. మన డబ్బుతో ఎగిరింది ఎందుకు పడిందంటే కిమ్మనం. అడిగినవాడు దేశద్రోహి, పైగా వాడికి అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ కథ వినిపిస్తారు: 1979లో ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడటం, మరుసటేడు గెలవడం, కలాంని విలేఖరుల ముందుకు పంపడం. ఓడిన రోజున విలేఖరుల ముందు కూర్చుని జవాబు చెప్పుకున్నది ధావనే. ఫార్వర్డుల్లో ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఆగదు.

శ్రీహరికోట గ్యాలరీలో కూర్చుని ప్రయోగం చూడ్డానికి ఆన్‌లైన్‌లోనే పేర్లు నమోదు చేసుకుంటున్నారు కదా. అయ్యా, ఆ పేజీలోనే ఓ మూల సీ61 నివేదిక పెట్టండి. పదివేల మందిని కూర్చోబెట్టగలిగిన వాళ్లకి పది పేజీలు బరువా?